బెంగళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియం: అయిదేళ్ల మనవడికీ, అరవై ఎనిమిదేళ్ల నాయనమ్మకూ

మ్యూజియం అంటే చేతులు వెనక్కి కట్టుకొని, గొంతు తగ్గించుకొని నడవవలసిన చోటని మా అత్తయ్యగారి అభిప్రాయం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ ఒక బొమ్మ బయటికి వచ్చి గంట మోగించి వెళ్లే గడియారం ముందు, మా వారి చిన్నతనంలో, ఆయన్ను చంకనెత్తుకొని నిలబడిన జ్ఞాపకం ఆవిడది. అందుకే వేసవి సెలవుల్లో తెనాలి నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు, పిల్లలతో కలిసి బెంగళూరులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియానికి వెళదామంటే, "మీ చిన్నవాణ్ని మ్యూజియానికా? ఏదైనా పగలగొడితే డబ్బు కట్టాలి కదే అమ్మాయీ" అని ముందే హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఎందుకు అవసరపడలేదో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ఉండే తెలుగు కుటుంబాలు బెంగళూరులో చాలానే ఉన్నాయి కనుక, మేము పడిన చిన్నచిన్న తిప్పలు కూడా దాచకుండా రాస్తే ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

మ్యూజియం కస్తూర్బా రోడ్డులో, కబ్బన్ పార్కును ఆనుకొని ఉంటుంది. ప్రభుత్వ మ్యూజియం, వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ కూడా అదే వరుసలో ఉన్నాయి. మెట్రోలో వచ్చేవారు పర్పుల్ లైనులో కబ్బన్ పార్కు స్టేషనులో దిగి, చెట్ల నీడలో కాస్త నడిస్తే సరిపోతుంది. మేము మాత్రం అత్తయ్యగారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకొని కారు మాట్లాడుకున్నాము. ఆ కారతను మమ్మల్ని పార్కుకు ఆవలి గేటు దగ్గర దింపి వెళ్లిపోవడంతో, మెట్రోలో వచ్చి ఉంటే నడిచేదానికన్నా ఎక్కువే నడవవలసి వచ్చింది.

లోపలికి అడుగుపెట్టకముందే ఆవరణలో ఒక పాత ఆవిరి రైలింజను, ఒక యుద్ధవిమానం కనిపిస్తాయి. ఆ విమానం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ తయారుచేసిన మారుత్. జర్మన్ ఇంజినీరు కుర్ట్ టాంక్ రూపకల్పనలో 1961లో తొలిసారి ఎగిరిన, మన దేశంలోనే రూపొందించి తయారుచేసిన మొదటి జెట్ యుద్ధవిమానం అది. పిల్లలు అక్కడే పావుగంట ఆగిపోతారని ముందే లెక్కలో వేసుకోవడం మంచిది. మా చిన్నవాడు రైలింజను చక్రం పక్కన నిలబడి తన ఎత్తు కొలుచుకుని, చక్రానిదే పైచేయి అని తేల్చాడు.

ఈ మ్యూజియం పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆ పేరుకూ మనకూ సంబంధం ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో అయినా, ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు. ఆయన పూర్వికులు అక్కడివారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మళ్లీ అటువంటి ప్రమాదం రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం పిలిపించుకున్నది ఆయననే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ సలహాల ఫలితమే. ఆయన పేరిట కట్టిన ఈ భవనాన్ని నెహ్రూ 1962 జులై 14న ప్రారంభించారు. విశ్వేశ్వరయ్యగారు సుమారు మూడు నెలల ముందు, ఏప్రిల్‌లో కన్నుమూశారు. విద్యుత్తు మీద ఏర్పాటు చేసిన మొదటి గ్యాలరీ 1965లో ప్రజలకు తెరుచుకున్నది. చేతులతో తాకి నేర్చుకునే మ్యూజియం అనగానే అందరూ చెప్పే శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం మొదలైంది 1969లో. ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే మన దగ్గర ఈ ఆలోచన అక్కడి నుంచి అరువు తెచ్చుకున్నదేమీ కాదని అర్థమవుతుంది. ఇప్పుడు దీన్ని కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ కింద ఉన్న జాతీయ సైన్స్ మ్యూజియాల మండలి నడుపుతున్నది. తిరుపతిలో అలిపిరి దగ్గరున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం కూడా ఈ మ్యూజియం అనుబంధ సంస్థే కనుక, రాయలసీమలో ఉన్నవారికి ఈ తరహా ఆటలు అంత దూరమేమీ కావు.

అసలు విషయం ఫన్ సైన్స్ అనే గ్యాలరీ. పిల్లలతో వెళ్లేవారు వేరే ఏమీ చూడకపోయినా ఫరవాలేదు కాని, దీన్ని మాత్రం పొద్దున్నే, పిల్లల ఒంట్లో శక్తి ఉన్నప్పుడే చూడాలని నా గట్టి సలహా. ధ్వని, కాంతి, గాలి, నీరు, చలనం, గణితం, ఇలా పాఠ్యపుస్తకంలో వేర్వేరు అధ్యాయాలుగా ఉండేవన్నీ ఇక్కడ తిప్పడానికి, నొక్కడానికి, లాగడానికి, తొంగిచూడడానికి వీలుగా పరిచి ఉంటాయి. ప్రతి పరికరం పక్కనా ఏం చేయాలో, ఏం గమనించాలో రాసిన పలక ఉంటుంది. పలక చదివి ఆడేవారు కొందరు, ఆడిన తరువాత చదివేవారు కొందరు. మా చిన్నవాడు మూడో రకం.

వాడిని అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టుకున్నది గాలిలో తేలే బంతి. కింది నుంచి గాలి బలంగా పైకి చిమ్ముతుంటే, ఆ గాలి ధారలో ఒక తేలికపాటి బంతి పడిపోకుండా నిలబడి వణుకుతూ ఉంటుంది. గాలి పైకి తోస్తున్నది కనుక పడిపోవడం లేదు, అంతవరకు అయిదేళ్లవాడికీ తెలుస్తుంది. కాని బంతిని వేలితో మెల్లగా పక్కకు నెడితే అది తప్పించుకుపోకుండా మళ్లీ ధార మధ్యకే వచ్చి చేరుతుంది. వాడు మొదట భయపడుతూ ఒక వేలితో తాకాడు. తరువాత అరచేత్తో తోశాడు. తరువాత బంతిని పూర్తిగా బయటికి లాగి, ధార అంచున వదిలిపెట్టి, అది లోపలికి దూకడం చూసి గట్టిగా అరిచాడు. వెనక నిలబడ్డ కన్నడ పిల్లవాడు కూడా అరిచాడు. ఆ తరువాత ఇద్దరూ, ఒకరి మాట ఒకరికి తెలియకుండానే, వంతులు వేసుకొని పది నిమిషాలు ఆడారు. బంతి వంపు మీదుగా పోయే గాలి ఆ వంపును అంటుకొని పక్కకు మళ్లుతుందనీ, గాలిని అటు మళ్లించినందుకు బంతి ఇటు, అంటే ధార వైపు, నెట్టబడుతుందనీ వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు. కాని ఆ నెట్టుడు ఎంత బలంగా ఉంటుందో వాడి వేలికి తెలుసు. అది ఎప్పటికైనా పనికివచ్చే తెలివే.

ఇక్కడ మా వారి గురించి కొంచెం ఫిర్యాదు చేయాలి. ఆయన మెకానికల్ ఇంజినీరు. ప్రతి పరికరం ముందూ పిల్లలు చెయ్యి పెట్టకముందే ఆయన వివరణ సిద్ధంగా ఉండేది. ఎనిమిదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి మొదటి అరగంట ఓపిక పట్టి, జంట శంకువుల దగ్గరికి వచ్చేసరికి, "నాన్నా, ఉండండి. నేను చూస్తాను" అన్నది. అడుగుభాగాలు రెండూ అతికించిన రెండు శంకువులను ఊహించుకోండి. మధ్యలో లావుగా, రెండు చివరలా సన్నగా, వడ్రంగి చెక్కిన పెద్ద బొంగరంలా ఉంటుంది. దాన్ని ఒకవైపు దగ్గరగా, మరోవైపు ఎడంగా ఉన్న రెండు పట్టాల మీద పెడతారు. ఎడంగా ఉన్న వైపు పట్టాలు ఎత్తుగా ఉంటాయి. వదిలిపెడితే ఆ దిమ్మ కిందికి దొర్లకుండా, ఎత్తు వైపుకు, తనంతట తానే ఎక్కుతున్నట్టు దొర్లుకుంటూ పోతుంది.

మా అమ్మాయి దాన్ని నాలుగుసార్లు వదిలి చూసింది. అయిదోసారి నేల మీద గొంతుక్కూర్చొని, పట్టాల ఎత్తుకు కన్ను ఆనించి, దిమ్మ మధ్యభాగాన్నే చూస్తూ వదిలింది. పక్కన గోడ మీది గీతతో పోల్చుకుంటూ చూసినట్టుంది. "అమ్మా, ఇది ఎక్కడం లేదు. దిగుతోంది" అన్నది. అదే నిజం. పట్టాలు పైకి పోతున్నా, వాటి మధ్య ఎడం పెరుగుతున్న కొద్దీ దిమ్మ తన సన్నటి చివరల మీద ఆనుకొని, పట్టాల మధ్యకు అంతకన్నా ఎక్కువగా కుంగుతుంది. మొత్తం మీద దాని గరిమనాభి, అంటే బరువంతా పోగైనట్టు లెక్కించే బిందువు, కిందికే ప్రయాణిస్తుంది. బడిలో గరిమనాభి నిర్వచనానికి రెండు మార్కులు తెచ్చుకున్న పిల్లే ఇది. దాన్ని కంటితో చూసింది మాత్రం ఆ రోజే. ఆ సమయంలో మా వారు నోరు విప్పకుండా నిలబడడానికి పడిన అవస్థ నాకొక్కదానికే తెలుసు.

అదే పలక ముందు అత్తయ్యగారు వేరొక పరిశోధన చేస్తున్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, కన్నడం నేర్చుకోలేదు. పలక మీది కన్నడ అక్షరాలను కాసేపు తేరిపార చూసి, తలకట్టు కొంచెం తేడాగా ఉన్నా మన అక్షరాలే కదా అనుకొని, "గు... రు... త్వ... కేం... ద్ర" అని కూడబలుక్కొని చదివారు. అర్థం కూడా పట్టుబడింది. అక్కడి నుంచి ఆవిడ ప్రతి పలక దగ్గరా ఆగారు. మాకు ఒక గంట ఆలస్యమైంది, కాని ఆ గంట గురించి నాకు ఏ చింతా లేదు. తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవారిని తీసుకువెళ్లేవారు ఈ కిటుకు వారికి ముందే చెప్పండి.

గిలకల దగ్గర ఆవిడ ఇంకో మెట్టు ఎక్కారు. ఒకే బరువును ఒకచోట ఒక్క గిలకతో, పక్కన రెండింటితో, ఆ పక్కన నాలుగింటితో లాగి చూడవచ్చు. చిన్నవాడు మొదటిదాన్ని వేలాడబడి లాగినా కదల్చలేక, చివరిదాన్ని సునాయాసంగా ఎత్తి, తన బలానికి తానే మురిసిపోయాడు. అత్తయ్యగారు "ఇది మన నూతి గిలకే కదరా" అంటూ తాడు అందుకొని, నాలుగు గిలకలదాన్ని లాగారు, లాగారు, లాగారు. బరువు జానెడు లేచింది. "బరువు తెలియడం లేదు నిజమే కాని, ఒక్క బిందె తోడడానికి ఇంత తాడు లాగితే ఇంటిల్లిపాదికీ నీళ్లు ఎప్పటికొస్తాయి?" అన్నారు. గిలకలు పెంచుకుంటూ పోతే శ్రమ నాలుగో వంతుకు తగ్గినా తాడు నాలుగు రెట్లు లాగవలసి వస్తుందనీ, చేసే పని మొత్తంలో లాభం ఏమీ ఉండదనీ పుస్తకాలు అర పేజీలో చెప్పే సంగతిని ఇంత తేటగా చెప్పినవారిని నేను చూడలేదు. మా వారు అక్కడ కూడా మాట్లాడలేదు. ఈసారి మాట్లాడడానికి ఏమీ మిగలలేదు.

ఇవి కాక, ఎదురెదురు అద్దాల మధ్య వెలిగే దీపాలతో పాతాళం దాకా దిగినట్టు కనిపించే బావి, తిన్నటి కడ్డీ వంకర తిరిగిన సందులోంచి ఎక్కడా తగలకుండా దూరిపోయే గణిత ఆట కూడా మమ్మల్ని నిలబెట్టాయి. ఆ వంకర సందు అతిపరావలయం (హైపర్‌బోలా) అనే వక్రరేఖ ఆకారంలో కోసినది. ఏటవాలుగా బిగించిన కడ్డీ గిరగిరా తిరిగినప్పుడు గాలిలో గీసే ఆకారపు నిలువుకోత సరిగ్గా అదే. పై తరగతుల్లో ఈ వక్రరేఖ సమీకరణాన్ని బట్టీపట్టే పిల్లలకు దీన్ని ముందుగా చూపిస్తే ఎంత బాగుండునో.

మిగతా గ్యాలరీలలో విద్యుత్తుకు సంబంధించినది మా అమ్మాయి వయసు పిల్లలకు చక్కగా సరిపోతుంది. విద్యుత్తుకూ అయస్కాంతానికీ ఉన్న సంబంధాన్ని చూపిన శాస్త్రవేత్తలు ఓర్‌స్టెడ్, ఫారడే చేసిన ప్రయోగాలను మీట నొక్కి, అయస్కాంతం కదిపి, మళ్లీ చేసి చూసుకోవచ్చు. అయస్కాంతం తీగచుట్టలో ఊరికే ఉన్నప్పుడు, చుట్టకు కలిపిన మీటరు ముల్లు కదలదనీ, దాన్ని జరుపుతున్నప్పుడే కదులుతుందనీ చెబితే ఒక వాక్యం. చేసి చూస్తే, ఇంట్లోకి వచ్చే కరెంటులో చాలాభాగానికి ఎక్కడో ఏదో తిరుగుతూనే ఉండాలన్న ఎరుక. ఇంజన్ల హాలులో ఆవిరి యంత్రాల నుంచి విమానపు ఇంజన్ల దాకా ఉన్నాయి. ఇక్కడ చేతికి పని తక్కువ, కంటికి ఎక్కువ. మా వారిని ఇక్కడ వదిలేశాము. ఆయనకూ మాకూ హాయి.

రైట్ సోదరుల విమానానికి అసలు కొలతలతోనే చేసిన నమూనా ఒకటి ఉంది. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు పన్నెండు మీటర్ల పైచిలుకు; గుడ్డ, కర్ర, తీగలతో గాలిపటానికి పెద్దన్నలా ఉంటుంది. 1903 డిసెంబరు 17న దాని మొదటి ప్రయాణం పన్నెండు సెకన్లు, నూట ఇరవై అడుగులు. మా చిన్నవాడికి అడుగులు అర్థం కావు కనుక, మన గేటు దగ్గర బయలుదేరితే లిఫ్టు దాకా వస్తుందని చెప్పాను. "అంతేనా? అయితే నడిచే వెళ్లొచ్చు కదా" అన్నాడు. ముందు ద్వారం దగ్గర కదులుతూ గర్జించే డైనోసార్ బొమ్మ విషయంలో మాత్రం ఇంత తేలికగా తీసుకోలేదు. నా చీర కుచ్చిళ్ల వెనక నుంచే దాని దర్శనం చేసుకున్నాడు. మూడు నాలుగేళ్ల పిల్లలున్నవారు ఆ గర్జన సంగతి ముందుగా చెప్పి తీసుకువెళ్లడం మంచిది.

అంతరిక్షం, జీవసాంకేతికం, ఎలక్ట్రానిక్స్ గ్యాలరీలు నా అంచనాలో ఉన్నత పాఠశాల దాటిన పిల్లలవి. చదవవలసింది ఎక్కువ. అయిదేళ్లవాణ్ని వెంటపెట్టుకొని అక్కడికి వెళ్లడం అటు వాడికీ ఇటు గ్యాలరీకీ అన్యాయమే. మేము అంతరిక్షం గ్యాలరీని మాత్రం వేగంగా చుట్టివచ్చాము.

ఇటువంటి చోట్లకు వెళ్లేవారికి ఉండే ముఖ్యమైన భయం పరికరాలు పనిచేస్తాయా అన్నదే. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక విజ్ఞాన కేంద్రానికి వెళ్లినప్పుడు, దాదాపు ప్రతి మూడో పరికరానికీ "మరమ్మతులో ఉంది" అన్న అట్టముక్క వేలాడుతుంటే, పిల్లల ముఖాలు చూడలేక త్వరగా బయటపడ్డాము. రోజుకు వందలమంది పిల్లలు ఎంత బలముంటే అంత బలంతో గుద్దే మీటలు అవి. పాడవడంలో ఆశ్చర్యం లేదు, వెంటనే బాగుచేసేవారు ఉన్నారా లేరా అన్నదే ప్రశ్న. విశ్వేశ్వరయ్య మ్యూజియంలో పరికరాలను సొంత కార్యశాలలోనే రూపొందించి తయారుచేసుకుంటారు. మా వాడు చెయ్యి వేసినవన్నీ ఆ రోజు కదిలాయి. నా వరకు ఈ మ్యూజియానికి అన్నిటికన్నా పెద్ద మార్కులు ఇక్కడే.

కొన్ని వాడుక సలహాలు. ఉదయం తెరిచే వేళకే చేరుకోండి. మేము పదిలోపే లోపల ఉన్నాము కనుక మొదటి గంటన్నర తేలే బంతి దాదాపు మాదే. పదకొండున్నర దాటాక ప్రతి పరికరం దగ్గరా వరుస కట్టవలసి వచ్చింది. బడుల విహారయాత్రలు సాగే నవంబరు, డిసెంబరు నెలల్లో వెళ్లేవారు పనిదినాలకన్నా ఆదివారమే నయమేమో ఆలోచించుకోవాలి. టికెట్టు ధర ఏ మాల్‌లోని ఆటల గదితో పోల్చినా చాలా తక్కువ. పెద్దవారికి నడక ఎక్కువే కనుక మధ్యలో కూర్చోబెడుతూ తిప్పండి. మధ్యాహ్న భోజనానికి మేము బయట ఒక హోటలుకు వెళ్లి నలభై నిమిషాలు ఎదురుచూసి, చివరికి చల్లారిన పూరీలు తిన్నాము. ఆ మధ్యలో చిన్నవాడు టేబుల్ మీది స్ట్రాతో కాగితపు ఉండను గాలిలో నిలబెట్టాలని ఊది ఊది అలసిపోయాడు. స్ట్రా నిట్టనిలువుగా పెట్టుకుంటే ఒక్క క్షణం నిలిచేది. వాళ్ల నాన్న దాన్ని చూసి చెప్పబోయి, మా అమ్మాయి వైపు చూసి, పూరీ తుంచుకున్నారు.

నాలుగు గంటలకు బయటపడేసరికి ఎలక్ట్రానిక్స్ హాలు, జీవసాంకేతికం, త్రీడీ సినిమా మిగిలిపోయాయి. దసరా సెలవులకు అత్తయ్యగారు మళ్లీ వస్తానన్నారు. ఈలోగా కన్నడ ఒత్తులు నేర్చుకుంటారట, పలకల మీద అవే కొరుకుడు పడలేదని. ఈసారి పెద్ద గ్యాలరీలు మా అమ్మాయీ నేనూ చూస్తాము. నాయనమ్మా మనవడూ నేరుగా ఫన్ సైన్స్‌కు వెళతారు. మా వారు ఇంజన్ల హాలులో ఉంటారు, పిలిస్తే తప్ప రానని ఒప్పుకున్నారు.